అత్తరు పండే దాకా

మొన్న ఆదివారం మా అమ్మాయి నన్ను మాల్‌కు లాక్కుపోయింది. స్నేహితురాలి పుట్టినరోజుకు సెంటు కొనాలట. కొట్టులో నల్లకోటు వేసుకున్న ఒక పిల్ల తెల్ల కాగితం ముక్క మీద బుస్సుమని కొట్టి, గాల్లో రెండుసార్లు విదిలించి, నా ముక్కు కింద పెట్టింది. "ఓరియంటల్ సర్. వార్మ్‌గా, సటిల్‌గా ఉంటది" అంది. నాకు అర్థమైనంతలో, మన పాత అత్తరే విమానమెక్కిపోయి కోటు తొడుక్కొని తిరిగొచ్చింది.

"కాగితం మీద వద్దమ్మా, చేతి మీద పెట్టు" అన్నాను.

పెట్టింది. "ఎట్లుంది సర్?"

"సాయంత్రం చెప్తా."

"సాయంత్రానికి నా డ్యూటీ దిగిపోతది సర్" అంది ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ. మా అమ్మాయి నేనెవరో ఎరగనట్టు అద్దాల అరల వైపు తిరిగి నిలబడింది. దానికి పదహారేళ్ళు. ఆ వయసు పిల్లలకు తండ్రి ఎక్కడ నోరు తెరిచినా పరువు తక్కువే.

తప్పు నాది కాదు. నాకు ఈ అలవాటు చేసిన మనిషి పటాన్‌చెరులో ఉండేది. "కాగితం మీద వాసన చూసుడంటే ఫోటోల పిల్లను చూసి నిఖా చేసుకున్నట్టే బేటా" అనేది. ఆమె పేరు నాకు తెలుసు, రాయను. రాయాలంటే ఆమె ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే నా చేతికి అత్తరు రాసి అసర్ నమాజు దాకా ఆగమంటుంది. ఆగడానికి నేను సిద్ధమే గానీ ఆమె పోయి మూడు చలికాలాలైంది. బజారంతా ఆమెను ఖాలా అనేది, అంటే పిన్ని. సందు మొదట్లో కూరగాయలమ్మే మల్లమ్మ కూడా ఖాలా అనే పిలిచేది, మల్లమ్మ ఆమెకంటే పదేళ్ళు పెద్దదైనా.

ఖాలా ఇల్లు పాత బజారు వెనక సందులో. కింద తను, కొడుకు, కోడలు. మీద రెండు గదులూ వంటిల్లూ ఉన్న పోర్షన్ కిరాయికి. పొద్దస్తమానం వరండాలో తఖ్తు అనే చెక్కబల్ల మీద కూర్చునేది. తెల్ల దుపట్టా, నడుముకు తాళాల గుత్తి, ఎడమ చెవిలో అత్తరు దూది. మెట్ల మీద అడుగుల చప్పుడును బట్టి కిరాయిదారు దేనికి దిగొస్తున్నాడో కనిపెట్టేది. నీళ్ళ మోటరు గురించో, కారే కప్పు గురించో అయితే దూది ఉన్న చెవి అటు తిప్పి కూర్చునేది. కిరాయి ఇవ్వడానికి వచ్చినవాళ్ళకు కుడి చెవి.

అత్తరు సీసా తమలపాకులు పెట్టుకునే పాన్‌దాన్‌లో, లవంగాల అర పక్కన ఉండేది. చిటికెన వేలంత సీసా. చీపురు పుల్ల కొసకు దూది చుట్టి అందులో ముంచి, మణికట్టు మీద సన్నగా ఒక గీత గీసేది. దాని పేరు షమామా. రాసిన వెంటనే ముక్కు దగ్గర పెట్టుకుంటే వనమూలికల దుకాణంలో అడుగుపెట్టినట్టుండేది. వాము, జాజికాయ, ఏదో చేదు వేరు. కొత్తవాళ్ళు మొహం చిట్లించేవాళ్ళు. గంటో రెండు గంటలో గడిచాక ఆ కారం దిగి, తడిసిన కట్టె వాసన, సాంబ్రాణి వాసన వచ్చేవి. పొద్దు వాలే వేళకు అది ఫలానా దాని వాసన అని చెప్పడానికి కుదిరేది కాదు. పెట్టెలోంచి తీసిన శాలువాను ఎవరో కాసేపు కప్పుకొని మనకిచ్చినట్టు వెచ్చగా ఉండేది. గది దాటి పోయేది కాదు, ఎవర్నీ పిలిచేది కాదు. మనమే దగ్గరికి పోతే కాస్త జరిగి చోటిచ్చేది.

దాన్ని ఆమె "పండుడు" అనేది. గోరింటాకు ఒక్కో చేతిలో ఒక్కో తీరుగా పండినట్టు అత్తరు కూడా ఒక్కో ఒంటి మీద ఒక్కో తీరుగా పండుతుందని ఆమె లెక్క. "సీసాల అందరికీ ఒక్కటే. చేతి మీదికొచ్చినంకనే ఎవరిది వారిది" అనేది.

ఇల్లు అడగడానికి ఎవరొచ్చినా, ఏ కంపెనీ, ఏ కులం, ఎంతమంది అనే ప్రశ్నలు లేవు. చెయ్యి చాపమనేది. గీత గీసేది. "అసర్‌కు రా. నీళ్ళు తాకనియ్యకు" అని పంపేసేది. అసర్ అంటే పొద్దు వాలుతుండగా చేసే నమాజు. పొద్దున పదింటికి వచ్చినవాడు అప్పటిదాకా ఏ చెట్టు కిందో పుట్ట పక్కనో ఉండాల్సిందే. అదీ కుడిచెయ్యే. ఎడమ చేతికి పెట్టమంటే "ఎడమ చేతికి పెడితే ఎడమ జవాబే వస్తది" అనేది. కుడిచేతికి నీళ్ళు తగలకూడదంటే మనవాళ్ళు అన్నమెట్లా తింటారు? చాలామంది అరటిపళ్ళ మీద గడిపారు. ఒక బ్యాంకు ఆఫీసరు మధ్యాహ్నం శుభ్రంగా చెయ్యి కడుక్కొని భోంచేసి, పైన తన సెంటు కొట్టుకొని వచ్చాడట. ఖాలా ఆ చేతిని దూరంగా పట్టుకొని "ఈ చేతుల ఇద్దరు కొట్లాడుతున్నరు సాబ్, నా ఇంట్ల లొల్లి వద్దు" అని పంపేసింది. ఒడిశా నుంచి వచ్చిన వెల్డరొకడు ఆమె చెప్పింది అర్థంకాక, చెయ్యి పైకెత్తి పట్టుకొని సాయంత్రం దాకా మెట్ల మీదే కూర్చున్నాడు. వాడికి మారుమాట లేకుండా ఇచ్చింది.

ఆ వెల్డరు ఖాళీ చేశాక వచ్చినవాణ్ణి నేను.

నేనప్పుడు పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో కెమిస్టుని. మందుల కంపెనీ అనగానే మా అత్తగారు తెల్లకోటూ చల్లని గదీ ఊహించుకొని పిల్లనిచ్చింది. మాది ముడిసరుకు వండే బ్లాకు. అక్కడ తయారయ్యే సరుకు, కుళ్ళిన ఉల్లిగడ్డను రబ్బరు ముక్కతో కలిపి కాల్చినట్టు వాసనేసేది. బట్టలకు పడితే ఉతుక్కోవచ్చు. అది ఒంటికి పట్టేది. ఎంత రుద్ది స్నానం చేసినా చెమటతో మళ్ళీ బయటికొచ్చేది. పటాన్‌చెరు ఆటోవాళ్ళకు మా ఐడీ కార్డులతో పనిలేదు. ఎక్కి కూర్చోగానే ఒకసారి గాలి పీల్చి "ఆ కంపెనీ గేటేనా అన్నా" అని తీసుకుపోయేవాళ్ళు. సంగారెడ్డి బస్సు ఎంత కిక్కిరిసినా నా పక్క సీటు ఖాళీగా ఉండేది. మొదట్లో నా అదృష్టం అనుకున్నాను. తెలిసొచ్చాక చివరి సీటులో కిటికీకి అతుక్కొని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

మాకు అప్పుడే పెళ్ళయింది. సుజాత సంగారెడ్డిలో పుట్టింట్లో, నేను పటాన్‌చెరులో ముగ్గురు తోటి కెమిస్టులతో ఒకే గదిలో. మా నలుగురి వాసనా ఒకటే కాబట్టి ఆ గదిలో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. "ఇల్లు చూడు, వస్త" అనేది సుజాత. చూస్తూనే ఉన్నాను. ప్రతి ఇంటాయనా గడపలోనే ముక్కు రుద్దుకొని "నిన్ననే ఇచ్చేసినం తమ్మీ" అనేవాడు. కిరాయికి ఇవ్వబడును అనే బోర్డు ఆయన నెత్తి మీదే వేలాడుతుండేది. దసరా లోపల ఇల్లు దొరక్కపోతే తమకు అల్లుడే దొరకలేదనుకుంటామని మా అత్తగారు నలుగురిలో అనేసింది. నవ్వుతూనే అంది గానీ నవ్వింది ఆవిడ ఒక్కతే.

అట్లా ఒక ఆదివారం ఖాలా ముందు చెయ్యి చాపాను. మిగతావాళ్ళలా ఆమె ముక్కు రుద్దుకోలేదు. గీత గీసి, చెయ్యి వదలకుండా నా మొహం చూసి, ఎవర్నీ అడగని ప్రశ్న నన్ను అడిగింది.

"ఏం చేస్తవ్?"

"మందులు తయారు చేస్త."

"అండ్ల ఏమేం కలుపుతరో నీకు ఎరుకనా?"

"ఎరుకే ఖాలా. కెమిస్టుని."

"నా అత్తర్ల ఏమున్నయో నాకు ఎరుక లేదు. గయినా నేను మంచిగ వాసనొస్త. అన్ని ఎరుకుండి నువ్వెందుకు బేటా గిట్లొస్తున్నవ్?"

మధ్యాహ్నం అన్నం వేళకు మెస్సుకు పోయి చెంచా అడిగాను. పప్పన్నం చెంచాతో తింటుంటే పక్కనున్న లారీ డ్రైవరు "చెయ్యికి దెబ్బ తాకిందా అన్నా" అని జాలిపడ్డాడు. అత్తరు పండుతుందన్నాను. ఆయన తన గిన్నె తీసుకొని పక్క బల్ల మీదికి పోయాడు.

అసర్ అయ్యాక ఖాలా నా చేతిని ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు పీల్చింది.

"అత్తరు పరేషాన్ల పడ్డది" అంది చివరికి. "జెరసేపు ముందుకొస్తుంది, ఎవరో కొట్టినట్టు మళ్ళ లోపలికి పోతుంది. పండలే."

"అంటే ఇల్లు లేదా ఖాలా?"

"లేదన్ననా? పండలే అన్న. వచ్చే ఐతారం రా."

అంతకంటే లేదనేసినా బాగుండేది. ఆ వారమంతా నా కెమిస్టు బుర్ర ఒకే లెక్క వేసింది. అత్తరుకు అడ్డొస్తున్నది ఒంటికి పట్టిన సరుకు. సరుకును కరిగించే ద్రావకం మా ల్యాబులో ఉంది. శనివారం డ్యూటీ దిగేముందు మోచేతి దాకా కడిగాను. చర్మం తెల్లగా పాలిపోయి గరుకు కాగితమైంది. వాసన మాత్రం నిజంగానే పోయింది. మర్నాడు గెలిచినవాడిలా వెళ్ళి చెయ్యి చాపాను. సాయంత్రం ఖాలా ఆ చేతిని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఈ చేతి మీద మనిషే లేడు" అంది. "ఇల్లు ఎవరికియ్యాలె?"

దిగులుగా సందు చివరి కిరాణా కొట్టు దగ్గర ఆగి అరటిపళ్ళు అడిగాను. కొట్టు నర్సింలు పళ్ళు తూస్తూ "మీ నాయినకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా అన్నా" అన్నాడు. మా నాయన జోగిపేట పక్క పల్లెలో ఉంటాడు. నర్సింలును నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. గుచ్చి గుచ్చి అడిగితే సంగతి బయటపడింది. ఒకరి చేతికి అత్తరు రాసి పంపించగానే ఖాలా బటన్ల ఫోను తీసేదట. బజారులో గాజులమ్మే ఆమెకు జోగిపేటలో చుట్టాలున్నారు. మా కంపెనీ వాచ్‌మన్ తల్లి ఖాలాతో కలిసి ఖురాన్ చదువుకుంది. అసర్ అయ్యేసరికి నా పుట్టుపూర్వోత్తరాలన్నీ తఖ్తు మీదికి వచ్చి చేరాయి. ఈ కబుర్లలో నర్సింలుకు కూడా ఒక వాటా ఉంది, ఆ ఫోను రీచార్జి చేసేది వాడే కాబట్టి.

నాకు ఒళ్ళు మండింది. తిరిగి పోయి అడిగేశాను. "అత్తరు పేరు చెప్పి నా గురించి ఊరంత ఫోన్లు చేస్తున్నవా ఖాలా?"

"చెయ్యొద్దా? అసర్ దాక ఉత్తగ కూసుంటనా?" అంది ఏమాత్రం తడుముకోకుండా.

"మరేం తెలిసింది?"

"అంత మంచిదే తెలిసింది. ఫోన్ల పాసైనవ్. అత్తర్ల కాలే."

"ఫోన్ల పాసైతే చాలదా?"

"ఫోన్ల వేరేటోళ్ళు చెప్తరు బేటా. అత్తర్ల నువ్వు చెప్పాలె."

ఈ మాట సుజాతకు చెప్పుకొని మొత్తుకున్నాను. ఆమె ఫోనులో చాలాసేపు నవ్వి, మర్నాడు నాకు చెప్పకుండా సంగారెడ్డిలో బస్సెక్కి నేరుగా ఖాలా ఇంటికి పోయింది. టిఫిన్ డబ్బాలో సకినాలు పట్టుకుపోయింది. ఖాలా గీత గీసింది. అందరిలా బజారు పట్టుకు తిరగకుండా సుజాత ఆ తఖ్తు మీదే కూర్చుంది. దాంతో ఖాలాకు పాపం ఫోన్లు చేసుకునే సందు దొరకలేదు. అడగాల్సినవన్నీ ఎదురుగా కూర్చున్న మనిషినే అడగాల్సి వచ్చింది. నేను డ్యూటీ దిగి రూముకు పోతుంటే నర్సింలు కేకేసి "మీ మేడం ఖాలా ఇంట్ల ఉన్నది" అన్నాడు. పరుగెత్తుకుపోయేసరికి ఇద్దరూ సకినాలు కొరుకుతున్నారు. సుజాత చెయ్యి ఖాలా ఒళ్ళో ఉంది.

"చూడు" అంది ఖాలా. వంగి వాసన చూశాను. ఎంత మెత్తగా ఉందంటే, అక్కడ అత్తరు రాశారని కాక సుజాత పుట్టుకతోనే అట్లా ఉందనిపించింది. ఆ క్షణాన నా భార్య మీద నాకు గర్వమూ అసూయా రెండూ కలిగాయి.

"పిల్లకు ఇల్లిచ్చిన" అంది ఖాలా. "నీది ఇంక తేలలే. తేలెదాక పిల్ల వెంబడి ఉండు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ రోజు నుంచి పదేళ్ళ పైచిలుకు ఆ ఇంట్లో నేను కిరాయిదారుని కాను, కిరాయిదారు వెంబడి ఉన్నవాణ్ణి. కరెంటు మీటరు చూసే అతనికి ఖాలా మమ్మల్ని పరిచయం చేసిన తీరు ఇప్పటికీ గుర్తుంది. "ఈమె మా కిరాయిదారు. ఇతను ఆమె దగ్గర ఉంటడు." అతను నన్ను ఎగాదిగా చూసి, ఏమర్థమైందో గానీ, మా పోర్షన్ వైపు మళ్ళీ తలెత్తి చూడలేదు. మేడ మీది కప్పు కారుతోందని నేను చెబితే "నువ్వు చెప్తే ఎట్ల? కిరాయిదారును రమ్మను" అనేది. సుజాత వెళ్ళి చెబితే మాత్రం దూది చెవి తిప్పేది.

పరీక్ష మాత్రం మానలేదు. ప్రతి శుక్రవారం డ్యూటీకి పోతుంటే గేటు దగ్గర ఆపి గీత గీసేది. సాయంత్రం వచ్చేసరికి తఖ్తు మీద కాచుకొని ఉండేది. వాసన చూసి, తల అడ్డంగా తిప్పి, "ఇంక లే. ఉండు, సూద్దాం" అనేది. ఉండు అన్న ఆ మాటే నాకు ఆ వారం కిరాయి రసీదు. కంపెనీ బస్సులో మాత్రం తిరుగుబాటయింది. సరుకు వాసనకు అందరం అలవాటుపడ్డవాళ్ళమే గానీ, దాని మీద షమామా చేరితే ఎట్లుంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. "అన్నా, రెండిట్ల ఏదో ఒకటే తెచ్చుకో, రెండూ వద్దు" అని మా షిఫ్టు వాళ్ళు దండం పెట్టారు. శుక్రవారాలు నన్ను డ్రైవరు పక్కన, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టించి కూర్చోబెట్టేవాళ్ళు.

నవ్వుకున్న రోజులే ఎక్కువ గానీ, ఒకటి మాత్రం నవ్వులాట కాదు. పాప పుట్టాక, డ్యూటీ నుంచి వచ్చి ఎత్తుకుంటే మొహం అటు తిప్పేసుకునేది. ఏడ్చేది కాదు, పిడికిలి నా గదవకు ఆనించి నెట్టేది. పసిపిల్లకు మొహమాటం తెలియదు కదా. స్నానం చేసి వచ్చినా అంతే. బస్సులో సీటు ఖాళీగా ఉంటే తట్టుకున్నాను, ఇళ్ళవాళ్ళు గడపలోనే పంపేస్తే తట్టుకున్నాను. అది మాత్రం చాలా బాధగా ఉండేది. ఒకరోజు మెట్ల కింద నిలబడి పాపను సుజాతకు తిరిగి ఇచ్చేస్తుంటే ఖాలా చూసింది. తఖ్తు మీంచి లేచొచ్చి పాప ముందు చూపుడువేలు ఆడించింది.

"ఓయ్ చోటీ కిరాయిదారూ. మీ నాయిన ఇంక పండలే. నేను ఆగుతలేనా? నువ్వు సుత జెర ఆగు."

పాప ఆ వేలు పట్టుకొని నోట్లో పెట్టుకుంది. నేను మొహం కడుక్కోవాలని చెప్పి మేడ మీదికి పోయాను.

తర్వాత ఆ బ్లాకులో పని చేయడం మానేశాను. వేరే కంపెనీలో కాగితాల పని దొరికింది, నిజంగానే చల్లని గదిలో. మా అత్తగారి ఊహ అంత ఆలస్యంగా ఫలించింది. అప్పు చేసి కిష్టారెడ్డిపేటలో ఒక ఫ్లాటు కొన్నాం. ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పడానికి నేనొక్కణ్ణే కిందికి దిగాను.

"ఆమె ఖాళీ చెయ్యొచ్చు" అంది ఖాలా. "నీకు ఇల్లు ఇయ్యనే లేదు, నువ్వెట్ల ఖాళీ చేస్తవ్?"

కాబట్టి నాకు వీడ్కోలు లేదు. సుజాతకు చీర పెట్టింది, పాపకు వెండి గజ్జెలు పెట్టింది. నా చేతికి ఒక గీత గీసి "ఇంక లే" అంది. ఫ్లాటు గృహప్రవేశానికి కొడుకు బండి మీద వచ్చి, సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే గది గదికీ తిరిగి గోడలు వాసన చూసింది. "ఇల్లు ఇంక పచ్చిగున్నది. పండనీ" అని వ్రతం చేయిస్తున్న అయ్యగారికి వినపడేట్టు చెప్పి, ప్రసాదం తిని పోయింది.

కొత్త ఉద్యోగంలో చేరి ఏళ్ళు గడిచినా నా అలవాట్లు పోలేదు. బస్సులో చివరి సీటే. లిఫ్టులో మూలకు పోయి గోడ వైపు తిరిగి నిలబడేవాణ్ణి. పెళ్ళిళ్ళలో ఫోటోకు రమ్మంటే చివరి కొసన నిలబడేవాణ్ణి. మన వాసన మన ముక్కుకు తెలియదు. ఇంకొకర్ని అడుగుదామంటే నోరు రాదు.

ఒక చలికాలం ఖాలాకు బాగాలేదని నర్సింలు చెప్పాడు. సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళాను. వరండాలో తఖ్తు ఖాళీగా ఉంది. లోపల మంచం మీద చిన్నగా అయిపోయి పడుకొని ఉంది. నన్ను చూడగానే ఎట్లున్నవని అడగలేదు. పాన్‌దాన్ వైపు కళ్ళతో చూపించింది. కోడలు పుల్లకు దూది చుట్టి ఇచ్చింది. ఖాలా గీసిన గీత వంకరగా వచ్చింది.

"అసర్‌కు రా" అంది. "నీళ్ళు తాకనియ్యకు."

ఆ వయసులో, జుట్టు సగం నెరిసి, సొంత ఫ్లాటున్నవాణ్ణి, ఒక కిరాయి ఇంటి జవాబు కోసం పటాన్‌చెరు బజారంతా తిరిగాను. అరటిపళ్ళు తిన్నాను. నర్సింలు కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్నాను. నాకు భయంగా ఉంది. ఈసారి కూడా లేదంటే, ఇంకోసారి అడగడానికి ఆమె ఉండదేమోనని భయం.

అసర్ అయ్యాక ఖాలా నా చేతిని రెండు చేతులతో పట్టుకొని ముక్కుకు ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది. ఎప్పటికంటే చాలా ఎక్కువసేపు పీల్చింది.

"పండింది" అంది.

నేను మంచం అంచున కూర్చున్నాను.

"ఇగ ఇల్లు నీకిచ్చిన. సామాను ఎప్పుడు తెస్తవ్?"

మేడ మీది పోర్షన్‌లో అప్పుడు ఇద్దరు టీచరమ్మలు ఉంటున్నారు. వాళ్ళ చీరలు పిట్టగోడ మీద ఆరేసి ఉండటం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. "మంచి రోజు చూసుకొని తెస్త ఖాలా" అన్నాను.

"జల్దీ ఏం లేదు" అంది ఆమె. ఎవర్నైనా ఇల్లు ఇచ్చే ముందు ఆగమనే మనిషి, జీవితంలో మొదటిసారి ఇచ్చిన తర్వాత ఆగమంది.

కోడలు గేటు దాకా వచ్చింది. చెప్పాలా వద్దా అని కాసేపు దుపట్టా కొస మెలిపెట్టింది. "భాయ్, అమ్మీకి వాసన తెలుస్తలేదు. జ్వరమొచ్చి పోయిన కాడి నుంచి అంతే. మొన్న పక్కనే పాలు పొంగి మాడిపోయినా ఆమెకు తెల్వలే."

నేను గేటు పట్టుకొని నిలబడిపోయాను. "మరి పండిందని ఎట్ల చెప్పింది?"

"మీరు బజారుకు పోయినంక ఫోన్ కొట్టింది."

"ఎవరికి?"

"మీ ఇంటికే."

ఫ్లాటుకు వచ్చేసరికి సుజాత వంటింట్లో ఉంది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి అడిగాను. "ఖాలా ఫోన్ చేసిందా?"

"చేసింది."

"ఏమడిగింది?"

"మీ ఆయన ఇప్పుడెట్ల వాసనొస్తుండు అని అడిగింది."

"నువ్వేం చెప్పినవ్?"

సుజాత పొయ్యి మంట తగ్గించింది. "ఎన్నడో పండిండు ఖాలా, ఆయనకే ఎరుక లేదు అన్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడడిగినవ్? ఆమె అడిగింది, చెప్పిన" అంది. కుక్కర్ మూత తీసి, "చెయ్యి కడుక్కొని రా, అన్నం పెడుత" అంది.

ఆ పూట నేను చెంచాతో తిన్నాను.